అతుకు చెరగని సమాసము: డచ్చి దీర్ఘపదములలో అక్షరవిభాగము, ఊనిక

డచ్చి పుస్తకమును తొలిసారి తెరచిన పరదేశీయుని చూపు పంక్తి నడుమ ఏదో ఒక పొడుగాటి పదముకడ నిలిచిపోవును. ఇరువది, ముప్పది వర్ణములు ఎడము లేక ఒకదానినొకటి అంటియుండును. సమాసములను సైతము తఱచుగా విడదీసి వ్రాయు ఆంగ్లమునకు అలవడిన కన్ను అచట బెదరును. తెలుగు పాఠకుడు బెదరడు. ప్రబంధములలో పాదమునుండి పాదమునకు సాగిపోవు దీర్ఘసమాసములు అతనికి క్రొత్త కావు. ఇదియు అట్టిదే యని అతడు ధైర్యము వహించును. ఆ ధైర్యములోనే ఒక పొరపాటు పొంచియున్నది. సంస్కృతాంధ్ర సమాసమును, డచ్చి సమాసమును కాగితముమీద ఒక్క తీరుననే కనబడును; చెవికి మాత్రము అవి రెండు వేఱు జాతులు. మొదటిది తన అవయవములను కరగించి ఒక్కటి చేయును. రెండవది వానిని ప్రక్కప్రక్కన నిలిపి, నడిమి అతుకును కాపాడుకొనును.

ఆ అతుకును వినిపించునవి రెండు. మొదటిది అక్షరవిభాగము, అనగా ఒక్కొక్క ఊపిరితాకున పలుకబడు తునుక ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలగునన్నది. రెండవది ఊనిక, అనగా ఆ తునుకలలో దేనిమీద గొంతు బలము పడునన్నది. ఈ రెంటిని ఎఱుగని అనువాదకుడు రెండు విధముల నష్టపడును. పదమును తప్పుగా విడదీసి అర్థమును పోగొట్టుకొనుట మొదటి నష్టము. సరిగా విడదీసియు, పొడవును చూచి గాంభీర్యమని భ్రమించి, వంటింటి మాటకు సంస్కృత దీర్ఘసమాసమును తొడుగుట రెండవ నష్టము. మొదటిదానిని నిఘంటువు దిద్దగలదు. రెండవదానిని చెవి యొక్కటియే దిద్దగలదు.

డచ్చి సమాసమున ప్రధానపదము చివర నుండును. ముందున్నది దానికి విశేషణము. 'వోర్దెన్' అనగా పదములు, 'బూక్' అనగా పుస్తకము, 'వోర్దెన్‌బూక్' నిఘంటువు. 'జీకెన్' రోగులు, 'హొయిస్' ఇల్లు, 'జీకెన్‌హొయిస్' ఆసుపత్రి. తత్పురుషము నెఱిగినవారికి ఇందులో వింత లేదు. లింగవచనములును చివరి పదమును బట్టియే నిర్ణయమగును. ఊనిక మాత్రము సాధారణముగా మొదటి అవయవముమీద పడును. అర్థమునకు యజమాని చివర నుండగా, గొంతు బలము మొదట నుండునన్నమాట. ఊనిక పదము మొదలైనదని చాటును. ప్రధానపదము అది ముగిసినదని చాటును. వినువాడు ఈ రెండు గుర్తుల నడుమ త్రోవ తప్పడు. రెండవ అవయవము సహితము తన ఊనికను పూర్తిగా పోగొట్టుకొనదు. తగ్గిన బలముతో దానిని నిలుపుకొనును.

'మొదటి అవయవము' అన్నదానిని 'మొదటి అక్షరము' అని పొరబడరాదు. 'వెర్‌జేకెరింగ్' అనగా బీమా. దానికి ఊనిక రెండవ అక్షరమైన 'జే' మీద. 'మాత్‌స్ఖప్పెయ్' అనగా సంఘము, కంపెనీ. దానికి ఊనిక చివరి 'పెయ్' మీద. రెండును కలిసి 'వెర్‌జేకెరింగ్స్‌మాత్‌స్ఖప్పెయ్', అనగా బీమా కంపెనీ, అయినపుడు ఏడక్షరముల ఆ పదమున 'జే' శిఖరము, 'పెయ్' దానికి లోబడిన చిన్న గుట్ట. ఏ అవయవమును తన పుట్టింటినుండి తెచ్చుకొన్న ఊనికను విడువలేదు. వానిలో ఏది పెద్దది, ఏది చిన్నది యన్నంతవఱకే సమాసము నిర్ణయించినది.

అక్షరవిభాగమున ఈ స్వాతంత్ర్యము ఇంకను స్పష్టము. 'తంద్' అని వ్రాయబడు పదమునకు పన్ను అని యర్థము. బహువచనము 'తందెన్'. ఇందులో 'ద్' తరువాతి అచ్చును చేరి 'తన్-దెన్' అని విడును. 'అర్త్స్' అనగా వైద్యుడు. రెండును సమసించి పంటివైద్యుడని యర్థమిచ్చునపుడు వ్రాతలో అదే 'ద్' యుండును. సావధానముగా పలుకునపుడు వినబడునది 'తంత్-అర్త్స్'. ఎదుట అచ్చున్నను హల్లు దానితో కూడదు. పదము అక్కడనే ముగిసినట్లు నిలిచి, డచ్చి పదాంతనియమము ననుసరించి 'ద్' 'త్' అగును. సాయంకాలపు భోజనమునకును ఇదే నడక: 'ఆవొంద్' సాయంకాలము, 'ఏతెన్' తినుట, కలిసి 'ఆవొంత్-ఏతెన్'.

సంస్కృతము సరిగా దీనికి ఎదురుదారి నడచినది. 'జగత్', 'ఈశుడు' కలిసి 'జగదీశుడు'. అచ్చు ఎదుట 'త్' 'ద్' అయి, ఆ యచ్చుతోనే కూడి 'దీ' అయినది. జ-గ-దీ-శు-డు అని ఎంచునపుడు మొదటి పదము ఎక్కడ ముగిసినదో, రెండవది ఎక్కడ మొదలైనదో చెవికి తెలియదు. 'దీ' అను ఒక్క అక్షరమున రెండు పదములును కాపురమున్నవి. డచ్చిలో 'ద్' 'త్' అగుట హద్దురాయి పాతుట. సంస్కృతమున 'త్' 'ద్' అగుట హద్దు చెరపుట. వర్ణములు అవియే, పని మాత్రము విరుద్ధము.

అంతమాత్రమున డచ్చి అవయవములు ఒకదానినొకటి తాకనే తాకవని తలపరాదు. 'జక్' జేబు, 'దూక్' గుడ్డ; చేతిరుమాలునకు 'జక్‌దూక్' అని వ్రాసి 'జగ్‌దూక్' అని పలుకుదురు. 'వాక్', 'దేవి' కలిసి 'వాగ్దేవి' యైనట్లే. హల్లునకు హల్లు తగిలిన ఇట్టి తావులలో రెండు భాషలును ఒకే ఇరుగుపొరుగు మర్యాదను పాటించుచున్నవి. కాని అక్షరము మాత్రము 'జగ్-దూక్' అని అతుకుకడనే విడుచున్నది. హల్లు రంగు మాఱినది, హద్దు మాఱలేదు.

అచ్చునకు అచ్చు ఎదురైనపుడు భేదము కంటికే కనబడును. 'జే' సముద్రము, 'ఏంద్' బాతు. సవర్ణదీర్ఘసంధి నెఱిగిన నోరు ఈ రెండు ఏకారములను ఒక్కటి చేయబోవును. 'మహా', 'ఆత్మ' కలిసి 'మహాత్మ' యైన త్రోవ అది. డచ్చి లిపి వాని నడుమ అడ్డుగీత పెట్టి, వేఱువేఱుగా పలుకుమని ఆజ్ఞాపించును. పూర్వము ఇట్టి సమాసములలో రెండవ అచ్చుమీద రెండు చుక్కలుంచెడివారు. 1995 నాటి వర్ణక్రమ సంస్కరణము వానికి మాఱుగా అడ్డుగీతను విధించినది. గుర్తు మాఱినను ఉద్దేశము మాఱలేదు: రెండు పదముల అచ్చులు కలియరాదు.

ఈ అతుకు తెలుగు చెవికి బొత్తిగా తెలియనిదని చెప్పుట న్యాయము కాదు. సంధిలో మునిగిపోయిన రెండవ పదము తొలి అచ్చును లెక్కించి యతి చెల్లించు స్వరప్రధానయతి ఈ యెఱుకనుండి పుట్టినదే. అతుకును లెక్కసేయక పైకి వినబడు హల్లునే పట్టు అఖండయతి సాధువా, అసాధువా యని లాక్షణికులు వాదించినదియు దీనిని గూర్చియే. నోటికి వినబడని అతుకును తెలుగు ఛందస్సు జ్ఞాపకమున దాచుకొన్నది. డచ్చి దానిని జ్ఞాపకమునకు విడువక నోటనే పలికించును. వ్యాకరణమున ఇది స్వల్పభేదముగా తోచవచ్చును. అనువాదమున స్వల్పము కాదు.

హద్దు ఎక్కడనో కన్ను చెప్పజాలని పదములు డచ్చిలో కొన్ని ప్రసిద్ధములు. 'దెయ్' తొడ, 'క్రంప్' కండరము పట్టివేయుట. 'దెయ్‌క్' నీటి నాపు కట్ట, 'రంప్' విపత్తు. రెండు సమాసములకును వర్ణక్రమ మొక్కటియే. 'దెయ్-క్రంప్' అన్నచో తొడకండరము పట్టినది. 'దెయ్‌క్-రంప్' అన్నచో కట్టకు ప్రమాదము వచ్చినది. ఊనిక రెంటను మొదటి అక్షరముమీదనే. తేడా యంతయు 'క్' ఏ వైపున నిలుచునన్నదానిలో నున్నది. సుమారు నాలుగవ వంతు నేల సముద్రమట్టమునకు దిగువనున్న దేశమున ఈ 'క్' తగని చోట నిలుచుట చమత్కారమునకు మాత్రమే పనికివచ్చు విషయము కాదు. ఇట్లే 'క్వర్త్-స్లాఖెన్' అన్నచో పావు మలుపులు, 'క్వర్త్స్-లాఖెన్' అన్నచో స్ఫటికశిల పొరలు. పల్లములో పడవేయు గోతికి 'వల్-కొయిల్' అని పేరు; అదే వర్ణములను 'వల్క్-ఒయిల్' అని విడదీసినచో డేగ, గుడ్లగూబ అను రెండు పక్షులు కూర్చుండును.

ఇట్టి పదములను తెలుగు లిపిలో వ్రాయుటయే ఒక పరీక్ష. తెలుగు లిపి హల్లును తరువాతి హల్లుతో సంయుక్తము చేయును. తరువాత అచ్చున్నచో గుణింతము కట్టును. 'దెయిక్రంప్' అని వ్రాయగానే 'క్ర' అను సంయుక్తాక్షరము తొడనొప్పిని ఎన్నుకొని, కట్టను విడిచిపెట్టినది. 'వల్కొయిల్' అని వ్రాయగానే గుడ్లగూబ ఎగిరిపోయినది. డచ్చి లిపి తటస్థముగా నున్నచోట తెలుగు లిపి తీర్పు చెప్పుచున్నది. కావున డచ్చి పేర్లను తెలుగున వ్రాయువారు మొదట అతుకును కనుగొని, అచట హల్లును పొల్లుగా నిలుపవలెను. డచ్చి అచ్చుకూటములలోను పంక్తి చివర సమాసమును విఱువవలసి వచ్చినపుడు అతుకును గౌరవించుటయే నియమము. అర్థము తెలియని కంపోజిటరు అట్టి పదమును విఱువజాలడు.

అక్షరవిభాగము మాత్రమే కాక, ఊనికయు అర్థమును శాసించుట కలదు. 'బ్లూద్' రక్తము, 'అర్మ్' పేద. ఊనిక మొదటి అవయవముమీద నుండి రెండవది తగ్గినచో రక్తహీనుడని యర్థము. రెండింటిమీదను బలముపడి రెండవది మిక్కుటమైనచో నిరుపేద యని యర్థము. 'స్తేన్' రాయి, 'రెయిక్' సంపన్నము. మొదట ఊనిన రాళ్లు నిండిన నేల. చివర ఊనిన గొప్ప ధనవంతుడు. వర్ణము ఒక్కటియు మాఱలేదు. 'వోర్‌నామ్' అను పదమున మొదట ఊనిన మనుష్యుని మొదటి పేరు, చివర ఊనిన ఉన్నతకులీనుడు అను విశేషణము. 'వోర్‌కోమెన్' అను క్రియ ఇంతకంటె ప్రమాదకరము: 'వోర్' మీద ఊనిన సంభవించుట, 'కో' మీద ఊనిన రాకుండ నివారించుట. ప్రమాదములను గూర్చిన వాక్యమున ఈ రెండు అర్థములును తారుమాఱైనచో అనువాదకుడు రచయిత చెప్పినదానికి సరిగా ఎదురు చెప్పినవాడగును.

భారతీయ సంప్రదాయమునకు ఇది అపూర్వవిషయము కాదు. త్వష్ట తన కుమారుడు ఇంద్రుని చంపువాడు కావలెనని 'ఇంద్రశత్రు' శబ్దమును పలికి, స్వరము తప్పినందున ఇంద్రునిచేతనే చంపబడువానిని పొందిన కథ తైత్తిరీయసంహితలో నున్నది. పతంజలి మహాభాష్యమున శబ్దజ్ఞానప్రయోజనములను చెప్పుచు దీనిని స్మరించెను. తత్పురుషమైనచో ఉదాత్తము చివర నుండవలెను. బహువ్రీహియైనచో పూర్వపదము తన స్వరమును నిలుపుకొనును. వైదికస్వరము నాదముయొక్క ఎత్తుపల్లములది, డచ్చి ఊనిక ప్రధానముగా బలముది. ఆ రెండును ఒక్కటి కావు. అయినను సమాసముయొక్క అర్థము దాని వర్ణములలో మాత్రమే లేదనియు, పలుకుటలో సగమున్నదనియు రెండు సంప్రదాయములును సాక్ష్యమిచ్చుచున్నవి. వేదము విడిచి కావ్యమునకు వచ్చునప్పటికి సంస్కృతము ఆ స్వరమును విడిచినది. తెలుగు ఛందస్సు గురులఘువులపై నిలిచినది. అందుచేత తెలుగు అనువాదకునికి కథ తెలియును, అలవాటు తెలియదు.

నియమమునకు లొంగని పదములను విడిగా నేర్చుకొనవలెను. ఆమ్‌స్టర్‌డామ్ అనునది ఆమ్‌స్టెల్ నదిమీది కట్టనుబట్టి వచ్చిన పేరు. ఊనిక మొదట కాక చివరి 'డామ్' మీద పడును. రోటర్‌డామ్ సంగతియు అంతే. నగరాధ్యక్షుని 'బుర్ఖెమేస్తెర్' అందురు; ఊనిక 'మేస్' మీద. ఉత్తరసముద్రమునకు 'నోర్త్‌సే' అని పేరు. ఊనిక 'సే' మీద. ఇట్టివి నిత్యము నోట నలుగు పేర్లు. నియమము తెలిసినవాడు వీనిని తప్పు పలికి దొరికిపోవును. ఊనిక పుస్తకమునుండి మాత్రమే నేర్చుకొనదగినది కాదనుటకు ఇవియే సాక్ష్యము.

అవయవముల నడుమ చేరు అతుకువర్ణములును ఈ సందర్భమున గమనింపదగినవి. చాల సమాసములలో మొదటి పదము తరువాత 'స్' గాని, 'ఎ', 'ఎన్' గాని చేరును. 'స్' మొదట షష్ఠీవిభక్తి చిహ్నము. తరువాత అట్టి షష్ఠి ఎన్నడును లేని పదములకు సహితము ప్రాకినది. ఇప్పుడు దానికి అర్థము లేదు, పని యున్నది. తెలుగున ఆగమములు ఇట్టివే: 'పేద', 'ఆలు' నడుమ రుగాగమము వచ్చి 'పేదరాలు', 'పేరు', 'ఉరము' నడుమ టుగాగమము వచ్చి 'పేరుటురము'. అయితే తెలుగు ఆగమము తరువాతి అచ్చును పట్టుకొని ముందునకు సాగును: పే-ద-రా-లు. డచ్చి 'స్' వెనుకటి పదమును పట్టుకొని అచటనే నిలుచును: 'వెర్-జే-కె-రింగ్స్'. ఒకటి వంతెన, మఱొకటి ముగింపు గుర్తు.

కవులకు ఈ వర్ణములు ఉపకరించుటయు రెండు భాషలలోను కలదు. టుగాగమము వైకల్పికము గనుక తెలుగు కవి గణమునుబట్టి 'పేరురము' అనియు, 'పేరుటురము' అనియు ప్రయోగింపగలడు. డచ్చి ఛందస్సు ఊనికల క్రమముపై నడచునది. సూర్యకాంతికి 'జొన్‌లిఖ్త్' అన్నచో పెద్ద ఊనికయు, చిన్న ఊనికయు ప్రక్కప్రక్కన నిలిచి ఇరుకుపడును. 'జొన్నెలిఖ్త్' అన్నచో నడుమ ఊనికలేని అక్షర మొకటి చేరి, బలము, బలహీనము, బలము అను నడక ఏర్పడును. అర్థము ఒక్కటియే, నడక వేఱు. ఆ 'నె' అను అక్షరమును నిఘంటువులో వెదకువాడు కవి ఎందుకు ఉంచెనో తెలిసికొనజాలడు.

ఇప్పుడొక నిజమైన దీర్ఘపదమును పరీక్షింపవచ్చును. పనిచేయు శక్తిని కోల్పోయినవారి కొఱకైన బీమాకు డచ్చిలో ముప్పదిమూడు వర్ణముల పేరు కలదు: 'అర్బెయిత్స్‌ఒన్‌ఖెస్ఖిక్త్‌హెయిత్స్‌వెర్‌జేకెరింగ్'. ఎడము లేని ఈ పదమును అక్షరములుగా విడదీసినచో పది: అర్-బెయిత్స్-ఒన్-ఖె-స్ఖిక్త్-హెయిత్స్-వెర్-జే-కె-రింగ్. పెద్ద ఊనిక 'అర్' మీద. 'ఒన్', 'జే' అనువాని మీద చిన్న ఊనికలు. 'బెయిత్స్', 'హెయిత్స్' అనుచోటుల అతుకువర్ణమైన 'స్' వెనుకటి పదమునకు గొళ్లెము వేసినది. డచ్చి లిపిలో 'న్', 'గ్' అను గుర్తులు ప్రక్కప్రక్కన వచ్చినపుడు తఱచు ఒకే అనునాసికధ్వనిగా పలుకబడును. 'ఒన్-ఖె' కడ మాత్రము వాని నడుమ హద్దు పోవుచున్నది గనుక రెండును వేఱువేఱు అక్షరములకు చెందినవి. ఇంత పొడవైన పదమును విను డచ్చివాడు ఎచ్చటను తొట్రుపడడు. అతనికి అది ఒక్క గుటకలో మ్రింగవలసిన ముద్ద కాదు. వరుసగా అందించిన నాలుగు కబళములు.

దీనినే తెలుగున సంస్కృతసమాసముగా చేయబూనినచో 'శ్రమాసామర్థ్యబీమా' అని వచ్చును. వ్యాకరణదోషము లేదు. కాని 'అసామర్థ్యము'నందలి అభావార్థకమైన అకారము 'శ్రమ'తో సవర్ణదీర్ఘము పొంది ఆకారములో మునిగిపోయినది. వినువానికి శ్రమసామర్థ్యమో, దాని లేమియో క్షణకాలము తెలియదు. డచ్చి పదమునందు అభావమును చెప్పు 'ఒన్' తన ఊనికతో తాను తలయెత్తి నిలిచియుండగా, దాని అనువాదమున సరిగా ఆ వర్ణమే అంతరించినది. పదము పొడవు నిలిచినది, పదము చెప్పదలచినది జాఱినది. 'పనిచేయజాలనివారి బీమా' అన్న అచ్చతెనుగు పలుకుబడి సమాసమువలె కనబడకపోవచ్చును; డచ్చి పదము చేయు పనిని అదియే చేయును.

ఈ రెండు భాషల పరిచయము నిన్నమొన్నటిది కాదు. పదునేడవ శతాబ్ది తొలినాళ్లలోనే డచ్చి వర్తకసంఘము మచిలీపట్టణమునను, పులికాటునను స్థిరపడినది. సంఘపు ఉద్యోగుల బిరుదులే చిన్న సమాసములు: 'కోప్‌మన్' వర్తకుడు, 'ఒప్పెర్‌కోప్‌మన్' పై వర్తకుడు, 'ఒందెర్‌కోప్‌మన్' క్రింది వర్తకుడు. పులికాటున మతబోధకుడుగా నుండిన అబ్రహాం రోగెరియుస్ పద్మనాభుడను బ్రాహ్మణుని సహాయమున హిందూధర్మమును గూర్చి వ్రాసిన గ్రంథము 1651లో, అతని మరణానంతరము, లైడెన్ నగరమున ప్రకటితమైనది. భర్తృహరి సుభాషితములు అందులో డచ్చి గద్యమునకు ఎక్కినవి. భర్తృహరి ఐరోపాభాషలలోనికి పోయిన మొదటి త్రోవ అది. సంస్కృతసమాసములు డచ్చిలోనికి పోయి మూడున్నర శతాబ్దములు దాటినది. డచ్చి సమాసములు తెలుగులోనికి వచ్చు త్రోవ ఇంకను వేయవలసియున్నది. తఱచు అది ఆంగ్లము మీదుగా పోవు చుట్టుదారి. ఆంగ్లము ఎడము పెట్టి విడదీసిన సమాసమున అతుకు మిగులును గాని, ఊనిక డచ్చిది కాక ఆంగ్లముది యగును.

ముల్తతూలి యను మారుపేరుగల ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కెర్ 1860లో ప్రకటించిన 'మాక్స్ హావెలార్' నవల ఉపశీర్షికలోనే కాఫీ వేలములను తెలుపు సమాస మొకటి కలదు. అందలి కాఫీ దళారి పేరు ద్రోఖ్‌స్తొప్పెల్: 'ద్రోఖ్' ఎండినది, 'స్తొప్పెల్' కోసిన చేనిలో మిగిలిన కొయ్యకాలు. డచ్చి పాఠకుడు ఆ పేరు వినగానే ఊనిక పడిన 'ద్రోఖ్'లోనే ఎండుదనమును వినును. పాత్రస్వభావము పేరులోనే తెలిసిపోవును. తెలుగు లిపిలో 'ద్రోక్స్తొప్పెల్' అని సంయుక్తములను గ్రుచ్చినచో అతుకు పోవును, ఎండుదనము పోవును, వట్టి పరదేశనామము మిగులును. పేరును మార్చుట అనువాదకునికి తగదు. అతుకును నిలిపి వ్రాసి, తొలిసారి వచ్చినచోట కథనములోనే దాని యర్థమును ధ్వనింపజేయుట తగును.

ఊనికకు అర్థభేదశక్తి లేని తెలుగులోనికి డచ్చి ఊనికను ఎట్లును తేజాలనపుడు, దానిని నేర్చుకొని ఏమి ప్రయోజనమని కొందఱు అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఊనిక తెలుగునకు రాదు. కాని ఊనిక చేయు పనిని చేయు సాధనములు తెలుగున వేఱుగా నున్నవి. విభక్తిప్రత్యయము అతుకును చూపును. ఔపవిభక్తికములు చూపును: 'పంటి వైద్యుడు', 'ఇంటి తలుపు'. సంధి చేయక విడిచిన చోటు చూపును. పదక్రమము దేనికి ప్రాధాన్యమో చెప్పును. డచ్చి పదమున ఏ అవయవము తలయెత్తినదో విననివాడు వీనిలో దేనిని ఎన్నుకొనవలెనో నిర్ణయింపజాలడు. వినుట అనుకరించుటకు కాదు, ఎన్నుకొనుటకు.

అన్నిటికంటె ముఖ్యమైనది పదముయొక్క అంతస్తు. తెలుగున దీర్ఘసమాసము ఓజోగుణమునకు చిహ్నము. సభకు, యుద్ధవర్ణనకు, దేవతాస్తుతికి తగినది. డచ్చిలో పొడవునకు ఆ గౌరవము లేదు. పంటివైద్యుడు, చేతిరుమాలు, ఆసుపత్రి, బీమాకాగితము, ఇవియే అచట సమాసములు. 1953 జనవరి 31, ఫిబ్రవరి 1 తేదీల నడిమి రాత్రి ఉత్తరసముద్రము కట్టలను త్రెంచి నేలమీదికి వచ్చి, నెదర్లండ్సులో 1,836 మందిని బలిగొన్నది. ఆ విపత్తునకు డచ్చివారు పెట్టుకొన్న పేరు 'వాతెర్స్‌నోత్‌రంప్': నీరు, ఆపద, విపత్తు అను మూడు చిన్న మాటలు. ఊనిక మొదటి 'వా' మీద, అనగా నీటిమీద. పిల్లవాడైనను, ముసలమ్మయైనను పలుకగల పదమది. దీనిని 'జలసంకటమహావిపత్తు' అని తెలిగించినవాడు ప్రతి అవయవమునకు లెక్క ఒప్పజెప్పినవాడే. కాని ఆ పదము ఎవరి నోటను పుట్టదు. సముద్రము నేలమీదికి వచ్చుటను ఎఱిగిన తీరాంధ్రమున దానికి మాట యున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదానిని అచటివారు 'ఉప్పెన' అనిరి. నాలుగక్షరముల డచ్చి సమాసమునకు మూడక్షరముల ఆ తెలుగుమాట సరిపోవుచున్నది: సముద్రపు నీరు అందు మొదటనే యున్నది, భయము అందున్నది, నిత్యవ్యవహారపు చనువును ఉన్నది.

డచ్చినుండి నేరుగా తెలుగునకు అనువదింపబూనువారు పదమును చూడగానే అర్థమునకు పరుగెత్తక, మొదట దానిని పైకి పలికి అక్షరములు లెక్కించుట, పెద్ద ఊనికను గుర్తించుట, అతుకులకడ ఆగుట అవసరము. ఆ పని ముగియునప్పటికి ఆ పదము తన యింట ఎంత సామాన్యమైనదో చెవి చెప్పియుండును. తెలుగున ఎంత సామాన్యమైన మాటను వెదకవలెనో అప్పుడు తెలియును.